పదో నంబరు ప్రయారిటీ, కదలని థ్రెడ్

రెండు వేల పదుల తొలి ఏళ్లలో, అబిడ్స్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో సీనియర్ ప్రోగ్రామర్‌గా ఉన్న నాకు నాంపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్ సాఫ్ట్‌వేర్ బాధ్యత అప్పగించారు. జావాలో రాసిన ఆ ప్రోగ్రాం రక్తపరీక్షల ఫలితాలను యంత్రాల నుంచి తీసుకుని వార్డుల్లోని కంప్యూటర్లకు పంపేది. ప్రమాదకరమైన ఫలితాలను వెంటనే పంపే భాగానికి అందులో 'అర్జెంట్' అని పేరు. దాన్ని రాసినవాళ్లు అప్పటికే సంస్థ వదిలి వెళ్లిపోయారు.

నేను బాధ్యత తీసుకున్న కొత్తలోనే ఒక డయాలసిస్ పేషెంటుకు పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది. గుండె ఆగిపోయే స్థితి. యంత్రం ఫలితం ఇచ్చినా అది వార్డుకు చేరలేదు. ల్యాబ్ ఇన్‌చార్జి నరసింహ గారు అనుమానంతో వార్డుకు ఫోను చేయబట్టి ఆ పేషెంటుకు సకాలంలో వైద్యం అందింది.

మర్నాడు పొద్దున ల్యాబ్‌కు వెళ్లాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కుర్చీ చూపించి, "అర్జెంట్ అని మీరే పేరు పెట్టిన్రు మేడం. గదేమో గాడనే ఆగుతుంది. ఏందో జర చూడున్రి" అన్నారు.

జావాలో ఏకకాలంలో సాగే పనుల్లో ఒక్కోదాన్ని థ్రెడ్ అంటాం. ఒకటి నుంచి పది దాకా దానికి ప్రయారిటీ ఇవ్వవచ్చు; పది అన్నిటికంటే ఎక్కువ. మా మేనేజరు ఫోనులో అర్జెంట్ థ్రెడ్ ప్రయారిటీ పెంచమన్నారు. చూస్తే అది అప్పటికే పదిలో ఉంది.

అప్పుడు థ్రెడ్ డంప్ తీశాను. ఏ థ్రెడ్ ఏ దశలో ఉందో చూపే వివరం అది. అర్జెంట్ థ్రెడ్ 'బ్లాక్డ్' అని కనిపించింది. ఫలితాల పట్టికను ఒకసారి ఒక్క థ్రెడ్డే వాడేలా చూసే లాక్ కోసం ఎదురుచూస్తోంది. ఆ లాక్ రోజువారీ రిపోర్టు తయారుచేసే థ్రెడ్ చేతిలో ఉంది. దాని ప్రయారిటీ ఒకటి. ఓపీ రద్దీలో సర్వర్ దానికి వంతు ఇవ్వడం లేదు. అది కదలదు, లాక్ వదలదు.

ఆ లాక్‌నే తీసేసి సాయంత్రానికల్లా ముగించమన్నారు మేనేజరు. అలా చేస్తే ఒకరి ఫలితం మరొకరి పేరు మీద పడవచ్చు. సరిగ్గా మార్చి, పరీక్షించడానికి కొన్ని రోజులు కావాలని నరసింహ గారికి చెప్పాను.

ఆయన, "ఆరాంగ చేయున్రి. గప్పటిదాంక అర్జెంట్‌వన్నీ నేనే ఫోన్ జేసి చెప్త. మీ సార్‌కు గూడ నేనే చెప్త" అన్నారు. అన్నట్టే చేశారు. భోజనానికి వెళ్లినప్పుడు కూడా ఫోను దగ్గర ఒకరిని కూర్చోబెట్టి వెళ్లేవారు.

రిపోర్టు థ్రెడ్ లాక్ తీసుకుని, వివరాలు నకలు చేసుకుని, వెంటనే వదిలేసేలా మార్చాను. దాని ప్రయారిటీని మామూలు స్థాయికి తెచ్చాను. ఆ తర్వాత అర్జెంట్ ఫలితాలు ఆగలేదు.

పరుగుకు సిద్ధంగా ఉన్న థ్రెడ్‌కే ప్రయారిటీ పనికొస్తుంది. ఆగిపోయినదానికి పది ఇచ్చినా ఒకటి ఇచ్చినా తేడా లేదు. అది దేనికోసం ఆగిందో చూడాలి. రిటైరయ్యే దాకా నా జూనియర్లకు ఇదే చెప్పాను. ఆ మార్పును తొందరపడకుండా సరిగ్గా చేసే వీలు నాకు కలిగింది నరసింహ గారు ఆ కొన్ని రోజుల బరువు తన మీద వేసుకున్నందువల్లే.