పొట్లం మీది నవ్వు

కొండమీద పసుపు పండించే ఒక అవ్వ ముఖాన్ని, ఆమెను అడగకుండానే, ఒక కంపెనీ తన పసుపు పొట్లం మీద అచ్చువేసింది. ఎరువంటే పేడ తప్ప ఎరగని ఆ అవ్వ కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, గోనెసంచిలో వేసి మెరుగెక్కేదాకా రుద్దుతుంది. ఎవరొచ్చినా చేయి ఆపదు, నోరు అసలే ఆపదు. కోడలు సంత నుంచి ఆ పొట్లం తేగానే తాత ఉడుక్కున్నాడు.

"ఇన్నేళ్ల కాపురంలో నన్ను చూసి ఒక్కసారైనా ఇలా నవ్వావా?"

"నవ్వా, నా బొందా! ఆరబోసిన పసుపును బూట్లతో తొక్కుతుంటే ఆ ఫొటోవాణ్ణి తిడుతున్నానయ్యా!" అంటూ అవ్వ చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని, తుపుక్కున ఉమ్మేసింది. "ఇది రంగేసిన పిండే! ఇక నా పసుపు ఎవరు కొంటారు?"

"అప్పుడే అడుగుతున్నారత్తయ్యా, మీ అత్త కూడా కల్తీ మొదలెట్టిందా అని."

కంపెనీ యజమానులారా, ప్రతి పొట్లం మీదనుంచీ ఆ ముఖాన్ని తొలగించండి. ఆ పిండి ఆమెది కాదని, ఆమె దగ్గర కొనేవారి ఎదుట, ఆ సంతలోనే నిలబడి మీ నోటితో చెప్పండి.