గోల్డీ చోప్ చేసిన కుర్చీ

నిన్న పొద్దున్న మా అమ్మాయి లావణ్య ఫోన్ చేత్తో పట్టుకుని గదిలోంచి వచ్చి, "నాన్నా, కనకం ఆంటీ ఇక లేరు" అంది.

నా టీ అలాగే చల్లారిపోయింది.

మొన్ననే కదా మాట్లాడింది! "నీ మోకాలు ఎలాగున్నాదన్నా?" అని నన్నే అడిగింది. నిద్రలోనే వెళ్ళిపోయిందట.

నాది పెద్ద చదువు కాదు. తప్పులుంటే మన్నించండి. కానీ ఈమె గురించి రాయకుండా ఉండలేను.

మీకందరికీ ఆమె సింగపూర్ సెంగ్‌కాంగ్ పేటలో ఉండే కనకం ఆంటీ. స్టేజీ ఎక్కితే మాత్రం గోల్డీ! డిస్కో సింగర్ గోల్డీ! సోల్ సింగర్ గోల్డీ!

ఆమెది ముత్తాతల కాలంలో మా శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలేషియా రబ్బరు తోటలకు వెళ్ళిన కుటుంబం. సింగపూర్ వచ్చాక పగలు ఫ్యాక్టరీలో రేడియోలు బిగించి, సాయంత్రం తంజోంగ్ పగార్‌లో ఒక హోటల్ లాంజ్‌లో పాడేది. గౌనుకి మెరుపు పూసలు తనే కుట్టుకునేది. ఇంగ్లిష్, మలయ్, చైనీస్, ఏది అడిగితే అది పాడేది.

తెలుగు మాట్లాడితే మాత్రం అచ్చం మా నాన్నమ్మే!

అప్పట్లో నేను తువాస్ షిప్‌యార్డ్‌లో వెల్డర్‌ని. డార్మిటరీ, యార్డు తప్ప ఊరు తెలియదు. ఐటీ బూమ్‌లో లావణ్యకి ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో మొదటి ఇంజనీర్ అండీ! కనకం ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది.

ఇంటావిడ డిస్కో సింగర్ అని విని, ఆదివారం పరుగున వెళ్ళాను.

తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "పిల్లని సూడ్డానికొచ్చినావా, నన్ను సూడ్డానికొచ్చినావా? ఏదైనా ముందు మకాన్. పద, తిందుము."

తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఖాళీ బల్ల కనిపిస్తే కూర్చున్నాను. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే, ఫ్రీగా ఇస్తారేమో అని జేబులో వేసుకున్నాను.

"ఒలమ్మో, లెగు లెగు! ఎవులో చోప్ చేసుకున్న సీటది! ఈ ఊర్లో ప్యాకెట్ ఉన్న కాడ రాజుగారైనా కూకోడు."

సీటు ఆపుకోవడానికి ఇక్కడ అదే పద్ధతని ఆ రోజే నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను.

తింటూ అడిగాను, "సోల్ పాట అంటే ఏటమ్మా?"

"గొంతుతో కాదన్నా. కడుపులోంచి పాడాల."

ఆ ఏడాదే హోటల్ వాళ్ళు బ్యాండ్ తీసేసి డీజేని పెట్టుకున్నారు. ఆమె గౌను కవర్లో తలుపు వెనక వేలాడుతూ ఉండిపోయింది. ఇంట్లో కూనిరాగం కూడా మానేసిందని లావణ్య దిగులుపడేది.

ఇక్కడ ప్రతి కంపెనీ ఏడాదికోసారి డిన్నర్ అండ్ డాన్స్ పెడుతుంది. లావణ్య ఆఫీసులో పట్టుబట్టి ఆంటీ పాట పెట్టించింది.

కనకం నాతో అంది: "కంప్యూటర్ పిల్లలు నా పాటకి లెగుస్తారేటి? ఒక్కలూ లెగకపోతే ఇదే ఆకరన్నా. మైకు మళ్ళీ ముట్టను."

సరదాకి అన్న మాట కాదది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని నేనూ వెళ్ళాను. గోల్డీ బంగారంలా మెరిసిపోతూ పాడుతోంది. పిల్లలేమో ప్లేట్లు, లక్కీ డ్రా కూపన్లు చూసుకుంటున్నారు. పాట అయిపోతే నాలుగు చప్పట్లు, అంతే.

ముందు బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద టిష్యూ ప్యాకెట్. ఎవరిదో అనుకుని వెనకాలే నిలబడ్డాను.

రెండో పాట మధ్యలో ఆమె నన్ను చూసింది. మైకులోనే అడిగేసింది.

"ఏటన్నా, అలా నిలబడిపోనావు? కూకో!"

నేనూ గట్టిగా అరిచాను. "ఎవులో చోప్ చేసీసినారమ్మా!"

హాలంతా గొల్లుమంది! తెలుగు రాకపోయినా చోప్ అన్న మాట అందరికీ తెలుసు కదా!

"నానే చేసినాను, నీకోసమే! సరే, ఎలాగూ లెగిసే ఉన్నావు. ఆడు మరి!"

వెనక డ్రమ్ము ధన్ ధన్ మంటోంది. నా కాళ్ళకి అది డిస్కో అని తెలియదు. చిన్నప్పుడు మా ఊళ్ళో నేను గుండెకి తప్పెట కట్టుకుని తప్పెటగుళ్ళు ఆడేవాణ్ణి. తప్పెట లేదు కాబట్టి గుండె మీదే దరువు వేసుకుంటూ ఎగిరాను!

లావణ్య ముఖం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి చెప్పులు విడిచి తనూ వచ్చేసింది.

వాళ్ళ మేనేజర్, చైనీస్ అబ్బాయి, "అంకుల్ కెన్ డాన్స్ లా!" అంటూ నా పక్కన చేరాడు. ఆ తర్వాత ఎవరి కుర్చీలో ఎవరూ లేరు. కంప్యూటర్ పిల్లలందరూ గుండెలు బాదుకుంటూ ఎగురుతున్నారు!

గోల్డీ అప్పుడు పాడింది చూడండీ... కడుపులోంచి! పాట ఆపకుండానే కిందికి దిగి వచ్చి, నా కుర్చీ మీది ప్యాకెట్ చింపి కళ్ళు తుడుచుకుంది.

నా జన్మలో అంత సంతోషం ఎరగను. ఒక పక్క నా కూతురు, ఒక పక్క ఆ గొంతు! ఇది రాస్తుంటే ఏడుపూ వస్తోంది, నవ్వూ వస్తోంది.

ఆ తర్వాత ఎన్ని కంపెనీలు పిలిచాయో! జుట్టు నెరిసే దాకా పాడింది. ప్రతిసారీ ముందు వరసలో నాకో కుర్చీ, దాని మీద ప్యాకెట్. నేను ఒక్కసారీ కూర్చోలేదు.

ఈ రోజు వాళ్ళ బ్లాక్ కింద ఉండే ఖాళీ చోటు, వాయిడ్ డెక్‌లో ఆమెను ఉంచారు. ఫోటోలో అదే బంగారు గౌను. ఆమె పాటలే చిన్నగా పెట్టారు. అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. "సిట్ లా, అంకుల్" అని పిల్లలు ఎంత చెప్పినా నేను నిలబడే ఉన్నాను.

చెల్లెమ్మా, అక్కడ కూడా ముందు వరసలో ఒక ప్యాకెట్ పెట్టి ఉంచు. అది నాదేనని నాకు తెలుసులే.

అయినా కూర్చోను.

కడుపులోంచి పాడుకుంటూ చల్లగా ఉండు తల్లీ, మా గోల్డీ.