వెనక వరుసలో బాపమ్మ

మనిషికి లోకంలో ఉన్నవన్నీ తెలిసిపోయే వయసు ఒకటుంటుంది. నాకది మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో వచ్చింది. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో పెద్ద కారు కొనాలన్న మాట లేచింది. అప్పటిదాకా నేను నడిపిన బండి మా మామయ్య స్కూటరొక్కటే (అదీ స్టాండు మీద). అయినా ఫోన్లో వీడియోలు చూసి చూసి, అన్నం ముందు కూర్చుని ఇంజన్ల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఏడుగురు ఎక్కే బండికి డీజిల్ ఇంజనే ఉండాలనీ, ఘాట్ రోడ్డు మీద దాని లాగుడే వేరనీ చెప్పేవాణ్ణి. మనం ఏ ఘాట్ ఎక్కాలని అమ్మ అడిగితే, వినపడనట్టు పప్పు వడ్డించమనేవాణ్ణి.

మా బాపు, అంటే నాన్న, దగ్గర్లోని సాస్తి ఊరి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. జీవితమంతా డీజిల్ మోత విన్న చెవులు కాబట్టి ఆయనకు చప్పుడు తక్కువుండే పెట్రోలు బండి కావాలి, మధ్యలో ముగ్గురు పట్టే పొడుగు సీటు కావాలి. నాకేమో మధ్య వరుసలో రెండు విడి కుర్చీలు, వాటి నడుమ నుంచి వెనక్కి దర్జాగా నడిచిపోయే దారి కావాలి. అలాంటి బండిలో మధ్యన ఇద్దరికే చోటు, మిగిలినవాళ్లు చివరి వరుసకు పోవాల్సిందే. నెల రోజులు వాదించుకున్నాక బాపు తేల్చేశాడు.

“అవ్వ ఎన్క సీట్ల సుఖంగ కూసుంటే నువ్వు చెప్పిన బండే కొందాం. లేకుంటే నాదే. ఇగ లొల్లి వద్దు.”

అవ్వ అంటే ఆయన తల్లి, మా బాపమ్మ. మోకాళ్ల నొప్పుల మనిషి. ఆమెను రెండు రోజులు బుజ్జగించి షోరూముకు తీసుకెళ్లాను. వెంట వచ్చిన బాపు చాయ్ తాగుతూ షోరూములోనే ఉండిపోయాడు. ఆ దర్జా అయిన దారిలో బాపమ్మ పక్కకు తిరిగి, వంగి, దేవుణ్ణి తలుచుకుంటూ వెళ్లి చివరి సీట్లో కూలబడింది. నేను ముందు కూర్చున్నాను. షోరూము కుర్రాడు బండి తీశాడు. అతనికి తెలుగు రాదు, బాపమ్మకు మరాఠీ రాదు.

రోడ్డెక్కిన కాసేపటికి వెనక నుంచి “చాలు” అని వినపడింది. మరాఠీలో చాలూ అంటే నడుస్తూ ఉందని. ఆ కుర్రాడు “హో ఆజీ, చాలూచ్ ఆహే” అని, అవునవ్వా నడుస్తూనే ఉందని మర్యాదగా చెప్పి కాస్త వేగం పెంచాడు. బాపమ్మ ఈసారి గట్టిగా “చాలు, చాలు” అంది. అతను ఇంకా తొక్కాడు. నేను మరాఠీ బడిలో చదివినవాణ్ణి, నా చెవి ముందు ఆ భాషనే పట్టుకుంది. పైగా డీజిల్ లాగుడుకు వీపు సీటుకు అతుక్కుని ఒళ్లు పులకరిస్తోంది. మా ముసలామెకు బండి భలే నచ్చిందని మురిసిపోయి, ఇంకొంచెం దూరం పోనిమ్మని నేనే చెప్పాను.

తిరిగొచ్చాక ఆమెను బయటికి లాగడానికి బాపుతో పాటు మరో ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. బాపమ్మ నడుం సర్దుకుని నా వైపు చూసింది.

“ఆ పిల్లగానికైతె మన మాట తెల్వది. నీకేమైంది బిడ్డా? చాలు చాలు అని మొత్తుకుంటనే ఉన్న గద.”

బాపు షోరూము కుర్రాణ్ణి పిలిచి, పెట్రోలు బండిలో ఏమేం రంగులున్నాయో చూపించమన్నాడు. నాకు నిజంగా సిగ్గేసింది.

ఆ పెట్రోలు బండిలోనే బాపమ్మ మధ్య సీట్లో కిటికీ పక్కన కూర్చుని ఎన్నో పెళ్లిళ్లకు వచ్చింది. ఇప్పుడామె లేదు, తలుచుకుంటే దిగులేస్తుంది. బండి నేనే నడుపుతున్నాను. నాది చాదస్తమని మా ఆవిడ నవ్వుతుంది గానీ, వెనక నుంచి ఎవరు ఏ భాషలో ఏ మాటన్నా, ముందు బండి పక్కకు ఆపి, ఆ తర్వాతే అర్థం అడుగుతాను.