ఫ్రీజర్ ఖాళీ చేయించిన రోజు

నాకు ముక్కు మీద కోపం. ముప్పై ఏళ్లు ముక్కు గురించే పరిశోధన చేసినదానికి ఇంకేం వస్తుందని మా ఆయన వెక్కిరిస్తుంటారు. సూదితో వేసే టీకా రక్తంలో కాపలా పెడుతుంది. రోగమేమో ముక్కులోంచి దూరుతుంది. అందుకే ముక్కులో చుక్కలుగా వేసే టీకా కోసం పాటుపడ్డాను. "రక్తం చూసి మురిసిపోకండి, ముక్కు లోపలి తడిని చూడండి" అని ప్రతి క్లాసులో ఊదరగొట్టేదాన్ని.

నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన ఒకమ్మాయి ఆ మాట నిజంగా నమ్మింది. పోచంపల్లి వైపు నేత కుటుంబం. ఎల్బీనగర్‌లో అద్దె గదిలో ఉంటూ అందరికంటే ముందే ల్యాబ్‌కి వచ్చేది. ఏడాదిన్నర పాటు ఆ చుక్కలు వేసిన ఎలుకల ముక్కులు కడిగిన నీటిని బొట్టు బొట్టుగా చిన్న గొట్టాల్లో పట్టి, పెట్టెల్లో సర్ది, ఫ్రీజర్‌లో దాచింది. ఆ పిల్ల థీసిస్ అంతా అందులోనే ఉంది.

ఒకరోజు తనిఖీకి పెద్దలు వస్తున్నారన్నారు. ఫ్రీజర్ తెరిస్తే పెట్టెల మీద మంచు పేరుకుపోయి లేబుళ్లు కనబడలేదు. వేలితో గీకితే చాలు, ఎవరివో తెలిసేది. "ఎవరి సంత ఇది!" అని అరిచి, అడుగు అరలో ఉన్నవన్నీ పారేయించాను. ఆ పిల్ల ఆ రోజు సెలవులో ఉంది.

మర్నాడు వచ్చి, "మేడం, నా డబ్బాలు ఏడపోయినయ్?" అంది.

"పారేయించాను. రిజిస్టర్‌లో రాయాలని తెలీదూ?" అని ఎదురు కసిరాను. ఆమె రాసే ఉంచింది. సాయంత్రం నేనే చూశాను. చూసి, రిజిస్టర్ మూసేశాను.

తర్వాతి సమీక్షలో కమిటీవాళ్లు ముక్కు నమూనాలేవని అడిగారు. ఆమె నా వైపు చూసింది. గైడ్‌ని నేనే ఎదురుగా ఉంటే నా పేరు చెప్పడానికి ఆ పిల్లకి నోరెలా వస్తుంది? నేను కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను. పని చేయలేదని రాసేశారు. నెల తిరక్కుండా మానేసింది. సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్ల నాన్న నా గదిలోకొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగాడు.

"మా బిడ్డ పని సక్కగ చెయ్యలేదా మేడం?"

"ఈ పనికి ఓపిక ఉండాలండీ" అన్నాను. ఛీ, ఎంత మాట అన్నాను!

ఆ టీకా ఎటూ తేలకుండానే రిటైరయ్యాను. దానికి నాకు బాధ లేదు, సైన్సులో అది మామూలే. ఈ పిల్ల సంగతే కంట్లో నలుసులా ఉండిపోయింది.

ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు నడుపుతోందని తెలిసి మొన్న వెళ్లాను. "రండ్రి మేడం, కూసోండ్రి" అని చాయ్ తెప్పించింది. ఈసారి నీళ్లు నమలకుండా చెప్పేశాను. "నువ్వు రిజిస్టర్‌లో రాసింది ఆ రోజే చూశానమ్మా. కమిటీ ముందు కావాలనే నోరు మూసుకున్నాను. తప్పంతా నాదే."

ఆమె చీరలు మడతపెడుతూనే ఉంది. గొంతులో కోపం కూడా లేదు.

"నాకెర్కనే మేడం. గిది నాకెందుకు చెప్తున్నరు? మా నాయినకు చెప్పాలె. ఓపిక లేక నేనే ఇడిసిపెట్టిన్నని ఆఖరి దాంక అనుకున్నడు. ఆయన పోయి ఏడాదైంది."