పగులు దగ్గర నవ్వు

నా చిన్నప్పుడు టాటానగర్ స్టేషన్ వెనక మా బస్తీలో అందరి ఇళ్లకూ రేకు తలుపులు ఉండేవి. మా ఇంటికి మాత్రం ఎన్నో ఏళ్లు రైళ్లను మోసిన కలపతో చేసిన తలుపు ఉండేది. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే గ్యాంగులో పట్టాలు వేసినవాడు. పాతబడి తీసేసిన స్లీపర్ దుంగల్ని వేలంలో తెచ్చుకుని, పలకలుగా కోయించి, నిలువునా బిగించి ఆ తలుపు చేశాడు. పట్టాల మేకులు దిగిన కన్నాలు దానిలో అక్కడక్కడా అలాగే మిగిలాయి. ఒకటి సరిగ్గా నా కంటి ఎత్తులో ఉండేది. వీధిని నేను అందులోంచే చూసేదాన్ని.

ఆ కలప పేరు సాలు. ఇక్కడివాళ్లు సఖువా అంటారు. మావాళ్లు గుగ్గిలం చెట్టు అంటారు, దేవుడి ముందు వేసే గుగ్గిలం దాని బంకే కాబట్టి. బడి చదువు నాకు మధ్యలోనే ఆగింది గానీ, పెళ్లయ్యాక లైబ్రరీలో నేను తెరవని అలమర లేదని గర్వంగానే చెబుతాను. కలప మీద రాసిన లావుపాటి పుస్తకాన్ని గడువు పెంచుకుని మరీ చదివాను. పచ్చి సాలు దుంగ నీళ్లలో మునిగిపోతుందట. దాని చేవ మట్టిలో ఏళ్ల తరబడి ఉన్నా చెదలు ముట్టవట. అందుకే వంతెనలకూ, గనుల్లో గుంజలకూ, పట్టాల కింద దుంగలకూ దాన్నే వాడారు. దాని నార తిన్నగా పోదు. ఒక పొర కుడికి వాలితే దాని మీది పొర ఎడమకు వాలి, బిగించి అల్లిన జడలా ఉంటుంది. రంపం పళ్లకు బంక పట్టేస్తుంది. ముందుగా బరమాతో కన్నం చేసుకోకపోతే మేకు దిగదు, వంగిపోతుంది. ఇంత గట్టిదానికీ ఒక బలహీనత ఉంది. మెల్లగా ఆరుతుంది, ఆరేటప్పుడు పగులుతుంది. ఆ మాట చదివినప్పుడు నా చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్లింది.

మా తలుపుకీ ఒక పగులు ఉండేది. గడియ వైపు పలకలో ఒక మేకు కన్నం దగ్గర మొదలై కింది దాకా పోయింది. తాతయ్య గుగ్గిలం, నూనె కలిపి కాచి అందులో పోసి, బయట తారు రాశాడు. వీధిలోంచి చూసేవారికి అది కనపడదు. లోపలి వైపు మాత్రం నా చిటికెన వేలు దూరేది. మధ్య పలకలో గిన్నెంత నల్లటి ముడి ఉండేది. చూసినవాళ్లెవరైనా అక్కడే చెక్క పుచ్చిందనుకునేవారు. నిజానికి నార మెలికలు తిరిగిన ఆ ముడే తలుపంతటిలోకీ గట్టి చోటు.

పక్కింటి అక్క ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. పెదవి చిట్లినా, కన్ను వాచినా, "కుళాయి కాడ జారిపోయినాను" అని నవ్వేది. మా అమ్మ అడిగినా అదే మాట. ఆమె భర్త గుత్తపనులు చేయించే ఠేకాదారు దగ్గర పనిచేసేవాడు, తాగేవాడు. గోడకు ఆవల చప్పుళ్లు అందరూ వినేవారు. మొగుడూ పెళ్లాల గొడవ అని అందరూ ఊరుకునేవారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, అమ్మ సాక్చి బజారుకు వెళ్లింది, నాన్న డ్యూటీలో ఉన్నాడు. అక్క మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి పడింది. పాపిట్లోంచి కారిన నెత్తురు మెడ దాకా వచ్చింది. ఆస్పత్రిలో ఆయా పనికి వెళతానన్నందుకు కర్రతో కొట్టాడట. ఇప్పుడు కట్టెలు కొట్టే గొడ్డలి పట్టుకుని వస్తున్నాడట. తాతయ్య తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. పట్టాల పనిలో మోకాళ్లు అరిగిపోయిన మనిషి. లేచి ఎదురు నిలబడే ఓపిక ఆయనకు లేదు.

"మావా, తలుపు తియ్యి. నా పెళ్లాన్ని నాకిచ్చీ" అన్నాడు వాడు మొదట, మర్యాదగానే. ఆ తర్వాత, "దర్వాజా ఖోల్, బుడ్ఢా! నిన్ను కూడా నరికేత్తాను" అన్నాడు.

మొదటి దెబ్బ పడింది. ఇల్లంతా అదిరింది. కన్నంలోంచి చూస్తే వాడి ఎర్రటి కళ్లు, పైకి లేస్తున్న గొడ్డలి. తాతయ్య నన్ను దగ్గరకు లాక్కుని చెవిలో చెప్పాడు. "ఆడి మీద నా బలం సాలదు గుంటా, తలుపు బలవే సాలాల. దెబ్బ పగులు కాడ పడితే నవ్వాల. ముడి కాడ పడితే ఏడవాల. ముసిలోడి ఏడుపు ఆడు నమ్మడు, నీది నమ్ముతాడు. తప్పినావా, ఈ తల్లి బతకదు."

రెండో దెబ్బ గడియ పక్కనే, పగులు మీదే పడింది. పలక కర్రుమంది. నా లాగు తడిసిపోయింది. అయినా నవ్వాను. తాతయ్య నా నవ్వుకు తోడుగా అరిచాడు. "కొట్రా, కొట్టు! అది సేవ సెక్క. రైలింజను మోసింది. నీ గొడ్డలి దానికేటి లెక్క?"

వాడికి ఒళ్లు మండింది. ఆ మంటలో మధ్య పలక మీది ముడిని కొట్టాడు. గొడ్డలి ఎగిరి వెనక్కి వచ్చింది. నేను గొంతు చించుకుని ఏడ్చాను. "తాతా, పగిలిపోతంది! అక్కడ పుచ్చిపోనాది కదా!" ఆ ఏడుపు నేను నటించలేదు. అంతసేపూ లోపల ఉన్నదే బయటికి వచ్చింది. "బావూ, అక్కడ కొట్టకురా!" అని తాతయ్య బతిమాలాడు.

ఇక వాడు ఆ ముడిని వదల్లేదు. కొట్టిన కొద్దీ గొడ్డలి మొండిబారింది, వాడి బూతులు పెరిగాయి. అక్క మూలన నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. ఒకసారి వాడి చెయ్యి తూలి దెబ్బ మళ్లీ పగులు మీద పడింది. గుగ్గిలం పెళ్లలు రాలాయి, ఇనుప మొన లోపలికి కనపడింది, చెక్క పేడు ఎగిరి నా చెంపలో దిగింది. నోట్లోకి నెత్తురు ఉప్పగా వచ్చింది. మూలనుంచి అక్క నా వంకే చూస్తోంది. నేను నవ్వాను, పడీ పడీ నవ్వాను. "ఏటే గుంటా నవ్వుతన్నావు!" అని వాడు రంకె వేసి, మళ్లీ ముడి దగ్గరికే పోయాడు. ఈసారి గొడ్డలి దిగింది, కానీ ఆ అల్లిక నార దాన్ని పట్టేసుకుని వదల్లేదు. వాడు బలమంతా పెట్టి లాగాడు. పిడి విరిగి చేతికొచ్చింది.

అంతలో కార్ఖానా సైరన్ మోగింది. డ్యూటీ దిగి వస్తున్న మగవాళ్లు సైకిళ్లు ఎక్కడివక్కడ పడేసి వాణ్ణి పట్టుకున్నారు. ఇన్నాళ్లూ చప్పుళ్లు విని ఊరుకున్న చేతులే వాణ్ణి నేల మీద పడేసి కుమ్మాయి. వాడి నోట్లోంచి నెత్తురు దుమ్ములో పడటం కన్నంలోంచి చూశాను. కళ్లు మూసుకోలేదు.

తాతయ్య తలుపు తీశాడు. ఆడవాళ్లు గుమిగూడి, "ఏటయిందమ్మా?" అని అడిగారు. తల మీంచి నెత్తురు కారుతున్న ఆ అక్క, అలవాటు కొద్దీ నవ్వి, "ఏటీ నేదు, కుళాయి కాడ..." అంది.

తాతయ్య ఆమె వేలు పట్టుకుని, లోపలి వైపు పగులులో పెట్టాడు. "నవ్వాల్సింది గొడ్డలి కాడమ్మా, బాగుసేసే వడ్రంగి కాడ కాదు" అన్నాడు.

అక్క ఆ వేలు చాలాసేపు తీయలేదు. తర్వాత అందరి వైపూ వీపు తిప్పి, జాకెట్టు పైకి లాగింది. పాతవీ కొత్తవీ వాతలు, కాల్చిన మచ్చలు. కొడుతున్న చేతులు కూడా ఆగిపోయాయి. ఆ సాయంత్రం ఆమె వెనక ఆడవాళ్లందరూ ఠాణాకు నడిచారు. ఆమె మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆస్పత్రిలో ఆయాగా చేరి, చాలా ఏళ్లు మా చేతులకూ కాళ్లకూ కట్లు కట్టింది.

ఆ తలుపు ఇప్పుడు సోనారిలో మా ఇంట్లో బల్లగా ఉంది. దాని మీదే లైబ్రరీ పుస్తకాలు చదువుకుంటాను. మధ్యలో గొడ్డలి కాట్లు, అంచున పగులు. నా చెంప మీది గీతేంటని మనవరాలు హిందీలో అడుగుతుంది, నేను తెలుగులోనే చెబుతాను.

బతుకులో చాలాచోట్ల నేను పగులు దగ్గర నవ్వాను. ఆ విద్య నన్ను కాపాడింది. వడ్రంగి దగ్గర నవ్వకూడదన్న రెండో మాటే కష్టం. ఈ మధ్య డాక్టరమ్మ ఎక్కడ నొప్పి అని అడిగితే, ఏమీ లేదని నవ్వబోయాను. ఎదురుగా ఉన్నది గొడ్డలి కాదు కదా అనిపించింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, నొప్పి ఉన్న చోట పెట్టాను.