గుండె బాగుందన్నారు

చిల్లకల్లులో దశరథరామయ్య మిరపకల్లం పేరుకే ఆయనది. కూలీలను పిలిపించేదీ, తాలుకాయ ఏరించేదీ, బస్తాలు కుట్టించేదీ భార్య రాఘవమ్మే. అలాంటి మనిషి 1955 వేసవిలో ఒక మధ్యాహ్నం, ఎండిన కాయను కుప్ప చేయిస్తూ ఉన్నట్టుండి గొంతు పట్టుకుని కూలబడిపోయింది. ఊపిరి అందలేదు. గుండె దడదడా కొట్టుకుంది. చేతులు చల్లబడి ఒళ్ళంతా చెమట పట్టింది. చచ్చిపోతున్నానని అరవబోతే నోరు పెగల్లేదు.

"ఘాటు తగిలిందమ్మా" అంటూ కూలీలు మంచినీళ్ళు తాగించారు. కాసేపటికి సర్దుకుంది. తర్వాత కొద్దిరోజులకే ఇంట్లో మజ్జిగ చిలుకుతుంటే మళ్ళీ వచ్చింది. అక్కడ ఏ ఘాటూ లేదు.

జగ్గయ్యపేట డాక్టరు నాడి చూసి, గుండె నీరసం అని చెప్పి ఎర్రమందు సీసా ఇచ్చాడు. గుండె అనేసరికి ఇంట్లో అందరూ మెత్తబడ్డారు. అత్త సుబ్బమ్మ వంట తను అందుకుంది. దశరథరామయ్య బత్తాయిలు తెచ్చాడు. చుట్టాలు పలకరించి వెళ్ళారు. మందు మాత్రం పనిచేయలేదు. పెళ్ళిపంక్తిలో వచ్చింది, బస్సులో వచ్చింది. ఎక్కడ వస్తుందోనన్న బెదురుతో రాఘవమ్మ కల్లానికి పోవడం మానేసింది, పేరంటాలూ మానేసింది.

రెండేళ్ళు చూసి, దశరథరామయ్య ఆమెను నందిగామలో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టర్ భారతీదేవి దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆవిడ చాలాసేపు పరీక్ష చేసింది. తర్వాత ఆయన్ను బయట కూర్చోమంది.

"మొదటిసారి ఇలా రాకముందు ఇంట్లో ఏమన్నా జరిగిందామ్మా?"

రాఘవమ్మ తలొంచుకుంది. అంతవరకు ఆ మాట ఎవరూ అడగలేదు.

"మా పిల్లాడు పోయాడండి. ఆరేళ్ళవాడు. గొంతులో పొర కట్టింది. బండిలో పేటకు తీసుకుపోతుంటే ఊపిరాడక నా ఒళ్ళోనే..." ఆగింది. "ఇంట్లో మా ఆడపడుచు పెళ్ళి పెట్టుకున్నారు. శుభకార్యం ముందు ఏడవొద్దన్నారు. నేను ఏడవలేదండి."

భారతీదేవి దశరథరామయ్యను లోపలికి పిలిచింది. "ఈవిడ గుండె నిక్షేపంలా ఉందండి. అట్లాగని జబ్బు లేదనుకోవద్దు. ఇది భయం జబ్బు. వచ్చినప్పుడు ప్రాణం పోతున్నట్టే ఉంటుంది, కానీ పోదు." రాఘవమ్మ వైపు తిరిగింది. "అది వచ్చినప్పుడు దానితో పోట్లాడకమ్మా. కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదులు. అదే పోతుంది. మాత్రలిస్తాను. వారం వారం వచ్చి కాసేపు నాతో మాట్లాడి వెళ్ళు."

తిరుగు బస్సులో దశరథరామయ్య నవ్వాడు. "మాట్లాడ్డానికి నందిగామ దాకా రావాలా? ఇంట్లో మనుషులు లేరా?"

ఇంట్లో మనుషులున్నారు. గడప దాటుతూనే దశరథరామయ్య తల్లికి సంగతి చెప్పేశాడు. సుబ్బమ్మ అంది, "గుండె బాగుందన్నారటగా! ఇంకేం, పొయ్యి దగ్గరకి రా. రెండేళ్ళ నుంచీ నా చేత చాకిరీ చేయించావు."

ఆ పూట నుంచి బత్తాయిలు ఆగిపోయాయి. మాత్రలు అయిపోయాక మళ్ళీ ఎవరూ తేలేదు, నందిగామకూ తీసుకెళ్ళలేదు. రాఘవమ్మకు గుండెదడ వస్తే "అదిగో, మొదలెట్టింది" అనేవాళ్ళు. ఊళ్ళో బెదురు రాఘవమ్మ అని పేరు పడింది. ఆమె వంటింట్లో గోడకు ఆనుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు నెమ్మదిగా ఊపిరి వదులుతూ కూర్చునేది. అది పోయేది. ఎసట్లో బియ్యం పోయడానికి లేచేది.

1964 పంచాయతీ ఎన్నికల్లో దశరథరామయ్య నిలబడి ఓడిపోయాడు. తన పాలివాళ్ళే తనకు ఓటెయ్యలేదని తెలిసిన రోజున, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే రొమ్ము పట్టుకుని వాలిపోయాడు. టాక్సీ మాట్లాడి బెజవాడ తీసుకెళ్ళారు. వెంట రాఘవమ్మ ఉంది. అన్ని పరీక్షలూ చేసి అక్కడి పెద్ద డాక్టరు చెప్పిన మాట ఆమె తన చెవులతో విన్నది. గుండెకేం లేదు, ఆందోళన.

ఊళ్ళోకి వచ్చాక దశరథరామయ్య అందరితోనూ గుండెపోటు తప్పిందని చెప్పాడు. జనం వచ్చి చూసి వెళ్ళారు. ముసలి సుబ్బమ్మ కొడుకు కాళ్ళు పడుతూ కూర్చుంది. రాఘవమ్మ బత్తాయిలు వొలిచి పెట్టింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయనకు మళ్ళీ వచ్చింది. కళ్ళు తేలేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పోతున్నానే, రాఘవా!"

"పోరండీ. నెమ్మదిగా ఊపిరి వదలండి. నాకొచ్చేదీ ఇదే. కాసేపు ఓర్చుకోండి, పోతుంది."

పోయింది. ఆయన మొహం తుడుచుకుని, చెయ్యి లాక్కున్నాడు.

"నీకొచ్చేదీ నాకొచ్చేదీ ఒకటేనా? నాది గుండె. ఇంకోసారి ఆ మాటంటే పళ్ళు రాలతాయి."

మర్నాడు పొద్దున్నే రాఘవమ్మ ఎవరికీ చెప్పకుండా నందిగామ బస్సెక్కింది. ఒంటరిగా ప్రయాణం చేయడం అదే మొదలు. దారిలో దడ వచ్చింది. కిటికీ చువ్వ పట్టుకుని, కళ్ళు మూసుకుని అది పోయేదాకా కూర్చుంది. డాక్టరమ్మకు ఏం చెప్పాలో దిగేలోపు మనసులో కూర్చుకుంది. ఆరేళ్ళ కొడుకు పేరు కూడా అప్పట్లో చెప్పలేదు, ఈసారి చెప్పాలనుకుంది.

అప్పట్లో భారతీదేవి ఉన్న ఇంట్లో ఇప్పుడు బట్టల కొట్టు ఉంది. "ఆవిడ వెళ్ళిపోయి చాన్నాళ్ళయిందండి. ఆడడాక్టరుకి ఇక్కడ కాన్పులు తప్ప ఏం చూపించుకుంటారు?" అన్నాడు కొట్టు యజమాని. ఎక్కడికి వెళ్ళిందో ఆయనకు తెలియదు.

మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చింది. వీధిలో నలుగురు మగవాళ్ళ మధ్య కూర్చుని ఉన్న దశరథరామయ్య కేకేశాడు.

"ఎక్కడ తిరిగొస్తున్నావే? ఇక్కడ మొగుడు గుండెజబ్బుతో చస్తుంటే!"

కూర్చున్న నలుగురూ ఆమెకేసి చూశారు. రాఘవమ్మ కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి, పొయ్యి అంటించింది.