టెడ్డీ సారు పంట్లాం

1965లో హనుమకొండ చౌరస్తాకు నాలుగడుగుల దూరంలో నాకు టైలరింగు దుకాణం ఉండేది. రెండు కుట్టుమిషన్లు, ఒక కటింగు బల్ల, గోడకు నిలువెత్తు అద్దం. ఆ అద్దమంటే నాకు మహా గర్వం. చుట్టుపక్కల ఏ దర్జీ దుకాణంలోనూ అంత అద్దం లేదు. బట్ట తొడుక్కుని దాని ముందు నిలబడ్డవాడు పది నిమిషాలకు గానీ కదిలేవాడు కాదు, నేను విసుక్కుని కత్తెర చప్పుడు చేసేదాకా.

ఆ రోజుల్లో కుర్రకారుకు టెడ్డీ పంట్లాల పిచ్చి పట్టింది. అంతకుముందు పంట్లాం అంటే కింద కాలి దగ్గర చుట్టుకొలత ఇరవై రెండు, ఇరవై నాలుగు అంగుళాలు ఉండేది. ఆ కొలతను మేం బాటమ్ అంటాం. టెడ్డీకి బాటమ్ పద్నాలుగు. కొందరు వీరులకు పన్నెండు. పాదానికి కాగితం చుట్టుకుంటే తప్ప కాలు అందులోకి దూరేది కాదు. సినిమా హాల్లో కూర్చోగానే వెనక కుట్టు పిగిలిపోతే, చొక్కా బయటికి లాగి కప్పుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాళ్లు ఎందరో.

అవి వేసుకున్న పిల్లలు తమను తామే టెడ్డీ బాయ్ అని చెప్పుకుని మురిసిపోయేవారు. పెద్దవాళ్లు అదే మాటను పోకిరి, పనీపాటా లేనివాడు అనే అర్థంలో వాడేవారు. నేను ఇద్దరి ముందూ తలూపేవాణ్ణి. ఇద్దరూ నా గిరాకీలే కదా మరి.

ఆ ఏడు వానాకాలంలో ఒక యువకుడు మూట చంకన పెట్టుకుని వచ్చాడు. పేరు ఆనందరావు. మరిపెడ దిక్కు పల్లెటూరివాడు, మాలాగే క్రైస్తవుడు. మా వీధి చివర ఉన్న ప్రైవేటు హైస్కూల్లో లెక్కల మాస్టరుగా అప్పుడే చేరాడు, టెంపరరీగా. ఏడాది పూర్తయితే కమిటీ కూర్చుని పర్మనెంటు చేస్తుంది, లేదంటే ఇంటికి పంపిస్తుంది. ఊళ్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్లు ఇతని జీతం మీదే ఉన్నారు. మూట విప్పితే అందులో రెండు పాత పంట్లాలు, బూడిదరంగు సర్జు ఉన్నిబట్టవి. చనిపోయిన తండ్రివట. ఆయన మిషన్ దవాఖానలో కాంపౌండరు. పైన రంగు వెలిసిపోయింది, మోకాళ్ల దగ్గర బట్ట పలచబడింది, అంచులు నలిగిపోయాయి.

ఆనందరావు గొంతు తగ్గించి, "అన్నా, వీటిని నాకు పనికొచ్చేటట్టు చెయ్యగలవా?" అన్నాడు.

మా పనిలో దానికి టర్నింగు అని పేరు. పాత బట్టను కుట్లన్నీ విప్పి, ముక్కలు ముక్కలు చేసి, లోపలి వైపు బయటికి తిప్పి మళ్లీ కుట్టడం. లోపలి వైపు ఎండ తగలదు కాబట్టి రంగు కొత్తగా ఉంటుంది. అరిగిన చోట్లు కోసేసి, మిగిలినదాంట్లో సర్దాలి. కొత్త పంట్లాం కుట్టడం కంటే మూడింతల చాకిరీ. ఒక చిక్కు మాత్రం ఎంత చేయి తిరిగిన దర్జీకైనా తప్పదు. బట్ట తిప్పినప్పుడు కుడి ఎడమవుతుంది. వెనక జేబు కోత కుడివైపు ఉండేది ఎడమవైపుకు వచ్చేస్తుంది. మామూలు మనిషి దాన్ని గమనించడు. బట్టల వ్యాపారంలో పుట్టినవాడికి మాత్రం కనపడుతుంది.

మాలో ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఎవరి బట్ట టర్నింగు చేశామో ఇంకొకరికి చెప్పకూడదు. నాకు పని నేర్పిన గురువు సూది పట్టించకముందే ఆ మాట చెప్పాడు. బట్ట తిప్పిన సంగతి కత్తెరకూ, మనకూ, తొడుక్కునేవాడికీ తప్ప తెలియొద్దని.

పాడైన చోట్లన్నీ కోసేసరికి కాళ్ల దగ్గర బట్ట బాగా తగ్గిపోయింది. ఎటు తిప్పినా బాటమ్ పద్నాలుగు మించి రాలేదు. అంటే టెడ్డీ అయి కూర్చుంది. నిజం చెప్పాలంటే నాకు హుషారు పుట్టింది. చిరుగుల్లోంచి షోకు పుట్టించానని నా భుజం నేనే తట్టుకున్నాను. ట్రయల్‌కు వచ్చిన ఆనందరావును అద్దం ముందు నిలబెట్టి, "ఇగ చూస్కో సారూ, హనుమకొండల నీయంత టెడ్డీ బాయ్ లేడు" అన్నాను. అతను సిగ్గుపడి నవ్వాడు. అంతటితో నోరు మూసుకుంటే ఈ కథే ఉండేది కాదు.

నా దుకాణానికి ఎదురుగా పాపయ్య సేటుది బట్టల కొట్టు. బట్ట ఆయన దగ్గర కొన్నవాళ్లు కుట్టడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు. పైగా ఆయన ఆ హైస్కూలు కమిటీలో పెద్దమనిషి. ఒకరోజు సేటు నా దుకాణంలో కూర్చుని ఉండగా మాస్టరు రోడ్డు మీద పోతున్నాడు. సేటు అతని పంట్లాం చూసి, ఏం బట్ట అది, ఎక్కడ కొన్నాడు అని అడిగాడు. రహస్యం బయటపడుతుందేమోనన్న కంగారులో, బట్ట మాట తప్పించడానికి, ఆయన మా టెడ్డీ బాయ్ సేటూ, బొంబాయి ఫ్యాషను తప్ప వేసుకోడు అని కోతలు కోశాను. రహస్యం కాపాడానని ఆ పూటంతా సంతోషపడ్డాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సేటు ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. స్కూలు వార్షికోత్సవంలో బహుమతులు పంచుతూ మైకు ముందు మాస్టర్లను ఒక్కొక్కరినే పొగిడాడు. ఆనందరావు దగ్గరికి రాగానే, ఈయన లెక్కలు బాగానే చెప్తాడు గానీ టెడ్డీ బాయ్, పిల్లలు లెక్కలే నేర్చుకోవాలి, పంట్లాలు కాదు అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. మర్నాటి నుంచి పిల్లలు ఆయన్ను టెడ్డీ సారు అనడం మొదలుపెట్టారు. బోర్డు మీద లెక్క రాస్తుంటే వెనక ఈలలు. నల్లబోర్డు మీద సన్నకాళ్ల బొమ్మలు.

ఆనందరావు మెతక మనిషే గానీ ఆ విషయంలో మెత్తబడలేదు. సేటు గారు తన మాట వెనక్కి తీసుకోవాలని హెడ్మాస్టరుకు ఉత్తరం రాసిచ్చాడు. సేటుకు తల కొట్టేసినట్టయింది. ఇందులో తిట్టు ఎక్కడుంది, ఫ్యాషను పేరు అది, కాలేజీ పిల్లలు వాళ్లకు వాళ్లే పెట్టుకుంటున్నారు, ఇంత పొగరున్నవాణ్ణి పర్మనెంటు ఎట్లా చేస్తాం అని కమిటీలో లేచాడు. చివరికి ఆ మాట తిట్టా కాదా తేల్చడానికి, దాన్ని మొట్టమొదట అన్న దర్జీనే పిలిపిద్దామన్నారు. అట్లా కబురు నాకొచ్చింది.

ముందురోజు సాయంత్రం ఆనందరావు దుకాణానికి వచ్చాడు. బల్ల పక్కన నిలబడి, నౌకరీ పోతే పోనీ గానీ మా నాయిన పంట్లాం సంగతి చెప్పొద్దు అని ఒట్టు పెట్టించుకున్నాడు. పంట్లాం కుట్టినవాణ్ణి కాబట్టే నన్ను పిలిచారనుకున్నాడు గానీ, ఆ పేరు సేటు నోట్లో వేసింది నేనేనని అప్పటికి అతనికి తెలియదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

హెడ్మాస్టరు గదిలో సేటు, ఇంకో ఇద్దరు కమిటీవాళ్లు కూర్చున్నారు. ఆనందరావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తిట్టు కాదంటే అతని నౌకరీ పోతుంది. తిట్టు అంటే సేటుకు కోపం వస్తుంది, పైగా రోజూ అదే మాట చెప్పి గిరాకీలను పిలిచే నేను అబద్ధాలకోరునవుతాను. హెడ్మాస్టరు ఏదో అడగబోతుంటే సేటే అందుకున్నాడు.

"రత్నం, ఆ మాట ముందుగాల నాతోటి అన్నది నువ్వా కాదా?"

"నేనే అన్న సేటూ. తప్పు నాదే" అన్నాను.

ఆనందరావు నా వైపు చూశాడు. ఆ చూపు తట్టుకోలేక నేల చూశాను.

"మరి నువ్వంటే తిట్టు కాదు, నేనంటే తిట్టయితదా? అసలు ఎందుకన్నవ్?" అన్నాడు సేటు.

నా దగ్గర జవాబుంది, చెప్పడానికి లేదు. "ఎందుకన్ననో చెప్పలేను సేటూ. అది నా పనికి సంబంధించిన సంగతి" అన్నాను. సేటు వదల్లేదు. చెప్తేనే తేలుతుందన్నాడు. మిగతా ఇద్దరూ వంత పాడారు. ఇంకొక్క మాట అడిగితే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

నా అవస్థ ఆనందరావు చూశాడు. "ఆయన్ను అడగకుండ్రి. నా ఉత్తరం నేను వాపస్ తీసుకుంటాన. ఈ నౌకరీ గూడ వద్దు" అని, అందరికీ దండం పెట్టి, వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచాడు.

అప్పుడు సేటు అతన్ని వెనక నుంచి చూశాడు. నేను సేటును చూస్తున్నాను. ఆయన చూపు ఎడమవైపున్న వెనక జేబు మీద ఆగింది. నలభై ఏళ్లుగా బట్టలు కొలిచి అమ్మిన మనిషి. ఆయనకు చెప్పేదేముంది?

"ఆగుండ్రి సారూ" అన్నాడు సేటు. "ఉత్తరం వాపస్ వద్దు. నేనే తప్పు మాట్లాడిన. యాడ అన్ననో ఆడనే చెప్త."

కమిటీవాళ్లు తెల్లబోయారు. ఏమైంది సేటూ అని ఒకాయన అడిగితే, ఏమీ కాలేదు, నాకు బుద్ధొచ్చింది అని ఊరుకున్నాడు. ఆ జేబు మాట ఎత్తలేదు. అంత పంతం మనిషి, గెలిచిన పందెం వదులుకుని, కారణం కూడా చెప్పుకోకుండా నలుగురిలో చిన్నబోయాడు. ఆ క్షణంలో ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

సోమవారం ఉదయం ప్రార్థన వేళ సేటు స్కూలుకు వెళ్లి పిల్లలందరి ముందూ చెప్పాడట, నేను మీ సారును అనరాని మాటన్నాను, నేను మళ్లీ అనను, మీరూ అనొద్దు అని. నెల తిరిగేలోగా ఆనందరావును పర్మనెంటు చేశారు.

ఆ సోమవారం మధ్యాహ్నమే సేటు నా దుకాణానికి వచ్చాడు. నేను కాజాలు కుడుతూ కూర్చున్నాను.

"మా నాయిన కోటుకు గూడ పైజేబు కుడి దిక్కే ఉండె, రత్నం" అన్నాడు.

కోటు పైజేబు ఎప్పుడూ ఎడమవైపే ఉంటుంది, కుడివైపు ఉందంటే అదీ తిప్పి కుట్టిందే. నేను తలెత్తకుండా, ఎవరి సంగతి చెప్తున్నారో నాకు తెలియదన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, గట్లనే ఉండు అని వెళ్లిపోయాడు.

ఆనందరావు నాలుగు రోజుల దాకా ఇటు రాలేదు. వచ్చిన రోజు నేను చేతిలో బట్ట పక్కన పెట్టి, మాఫ్ చెయ్యి సారూ, నోటి దురదతో నిన్ను బజారున పెట్టిన అన్నాను. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, ఈ అద్దం ముందల నువ్వు ఆ మాటన్నప్పుడు నాకు మస్తు సంబురమైంది. మా ఇంట్ల ఎవ్వరినీ ఎన్నడూ షోకిలా అనలే. ఆ రాత్రి మా అమ్మకు ఉత్తరం గూడ రాసిన, నన్ను టెడ్డీ బాయ్ అంటాన్రని" అన్నాడు. కాస్త ఆగి, "గదే మాట మైకుల విని అందరు నవ్వంగనే, మా నాయినను నిలవెట్టి నవ్వినట్టు అనిపించింది" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. పంట్లాం కుట్టిన నాకు కూడా ఆ సంగతి తట్టలేదు. ఆ మాట తిట్టా కాదా అని కమిటీ దర్జీని అడిగింది, సేటును అడిగింది. అడగాల్సినవాణ్ణి గోడకు నిలబెట్టి, ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు దుకాణం నడిపాను. ఫ్యాషన్లు వచ్చాయి, పోయాయి, వాటితోపాటు పేర్లూ వచ్చాయి. ఏ గిరాకీనీ వాడు తొడుక్కున్న బట్ట పేరుతో మళ్లీ పిలవలేదు. ఆ సంగతి నేర్పినందుకు సేటుకు, ఆ మాస్టరుకు నేను రుణపడి ఉన్నాను. సేటు బతికుండగా ఈ ముక్క ఆయనకు చెప్పుకోలేకపోయాను, ఇప్పుడు చెప్తున్నాను.